తుమ్మెద మోకాలు వంచలేదు

తెల్లవారీ తెల్లవారక ముందే కంకణదుర్గంలో నగారాలు మోగాయి. కొండ నడుముకు కంకణం తొడిగినట్టు కోట చుట్టూ తిరిగే రాతిబాట పొడవునా మామిడాకు తోరణాలు, అరటి బోదెలు, గంధపు నీళ్ళు చల్లి తీర్చిన ముగ్గులు. మేడల మీద ముత్తైదువలు పూలబుట్టలతో బారులు తీరారు. బురుజుల మీద పసుపుపచ్చ పతాకాలు, వాటి నీడన వెండి కవచాలు తొడుక్కున్న రౌతులు, వారి పక్కన నెమలి ఈకల కుచ్చులు కట్టిన మేలుజాతి గుర్రాలు. సింహాసన మండపం రాతిస్తంభాలు తొలి వెలుగుకు నిగనిగలాడుతున్నాయి. ఇంత వైభవాన్నీ ఒంటిచేత్తో పాడుచేస్తూ మండపం పక్కన హోమకుండం నల్లటి పొగ కక్కుతున్నది.

యువరాణి అపరంజి ఆ పొగ వంక చూడదలచుకోలేదు. తన గుర్రం మెడ మీద చెయ్యి వేసి, "దానితో మనకు పని లేదు తుమ్మెదా" అన్నది.

తుమ్మెద కూడా చూడలేదు. దానికి చలేస్తున్నది. ఒకప్పుడు పేరుకు తగ్గట్టు నల్లగా మెరిసిన గుర్రమే. ఇప్పుడు మూతి నెరిసింది, కళ్ళ పైన గుంటలు పడ్డాయి, ముందరి మోకాళ్ళు రెండూ ఉబ్బి ఉన్నాయి. మండపం మెట్ల దగ్గర నిలబడ్డ కుర్రరౌతులు దాన్ని చూసి, "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని ఒకరినొకరు గిల్లుకుని నవ్వారు. అపరంజి వారి వైపు తిరిగి చూసింది. నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల చూపు అటువంటిది.

కంకణదుర్గం ఆచారం తెలియనివారికి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. ఏనాడో శత్రువుల ముట్టడిలో గడ్డిపోచకు కూడా కరువొచ్చినప్పుడు పెట్టిన కట్టుబాటు అది. రాజాశ్వశాలలో మేత మేసే ప్రతి గుర్రమూ ఏడాదికొకనాడు రౌతును మోస్తూ కంకణవీధి చుట్టి వచ్చి మండపం ముందు నిలబడాలి. దారిలో దాని మోకాలు నేలకు తాకినా, రౌతు వీపు దిగినా, ఆ గుర్రం హోమకుండానికి బలి. ముట్టడి పోయింది, కరువు పోయింది, కట్టుబాటు మాత్రం మిగిలింది. పనికిమాలిన వాటికే ఆయుష్షు ఎక్కువ.

తుమ్మెద మామూలు గుర్రమైతే ఈ కథే లేదు. అది అపరంజికి అన్న అయిన మహారాజు అరుణధ్వజుడి గుర్రం. కిందటి వానకారులో రాజు ధూమ్రవనంలోకి వేటకు వెళ్ళాడు. పట్టపగలే పొగ కమ్మి, నడిచేవాడి కళ్ళెదుటే దారులు మారిపోయే అడవి అది. రాజు తిరిగి రాలేదు, పరివారమూ రాలేదు. తెగిన కళ్ళెంతో, నెత్తురు కారే మోకాళ్ళతో తుమ్మెద ఒక్కటే వచ్చింది. అంతవరకు కొండగుహలో ముక్కు మూసుకుని కూర్చున్న మాంత్రికుడు భస్మకేశుడు మర్నాడే కోటలో ప్రత్యక్షమై, "రాజ్యం అనాథ కాకూడదు, నేను చూసుకుంటాను" అన్నాడు. జీతం బత్తెం లేకుండా తోడేలు గొర్రెలు కాస్తానన్నదట. మంత్రులు తలలూపారు. అతడు రాజగురువయ్యాడు, రాజు మరణించాడని చాటింపు వేయించాడు, కోట దాటి అడవి వైపు ఎవరూ పోరాదని ఆంక్ష పెట్టాడు. అపరంజి ఆ చాటింపును నమ్మలేదు. అన్న బతికే ఉన్నాడు. అతడి దగ్గరికి దారి తెలిసిన ప్రాణి లోకంలో ఒక్కటే ఉంది. ఆ సంగతి భస్మకేశుడికీ తెలుసు. రాజాశ్వాన్ని ఊరికే చంపితే సైన్యం ఊరుకోదు కనుక ఆచారాన్ని అడ్డం పెట్టుకున్నాడు.

"ప్రథమాశ్వం, తుమ్మెద!" అని బెత్తం పట్టుకున్న వేత్రహస్తుడు కేక వేశాడు.

జనంలో గుసగుసలు బయలుదేరాయి. ముసలి గుర్రాలను చివరికి, ఎండెక్కాక పిలవడం వాడుక. ఆ పిలుపులోని విషం అపరంజికి వెంటనే తెలిసింది. కీళ్ళు అరిగిన గుర్రానికి తెల్లవారుజామును మించిన శత్రువు లేదు. రాత్రంతా నిలబడ్డ కాళ్ళు కొయ్యబారి ఉంటాయి. కొంతసేపు ఉత్తినే నడిపిస్తే గాని పట్టు వదలవు. ఈ విద్య ఆమెకు తేలికగా అబ్బలేదు.

అడవి నుంచి వచ్చిన తుమ్మెదను మొదట ఆమె ప్రేమతోనే పాడుచేసింది. చలువరాతి గదిలో కట్టేసి, కాలు కదపనివ్వకుండా, పూటకో గంపెడు ఉలవ గుగ్గిళ్ళు పెట్టింది. గుర్రం పొట్ట పెరిగింది, కాళ్ళు వాచాయి, ఒకనాటి ఉదయం పడుకున్నది పడుకున్నట్టే ఉండిపోయింది. అపరంజి దాని పక్కన కూర్చుని ఏడుస్తుంటే తాత చండకీర్తి వచ్చాడు. తల్లికి తండ్రి, ఒకప్పటి సర్వసేనాని. మీసాలు తెల్లబడినా గొంతు మాత్రం తగ్గలేదు. ఆయన మోకాళ్ళు తుమ్మెద మోకాళ్ళకు ఏమాత్రం తీసిపోవు.

"ఓసి పిచ్చిపిల్లా, దీన్ని సాకుతున్నావా, చంపుతున్నావా?" అని గర్జించాడు.

"విశ్రాంతి ఇస్తున్నాను తాతయ్యా."

"విశ్రాంతా! నన్ను నాలుగు రోజులు మంచానికి కట్టేసి చూడు, అయిదో రోజుకి నలుగురు కలిసి మోసుకుపోవాల్సిందే. ముసలి కీలుకు మందు కదలిక. మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు. పొద్దున్నే నేనెట్లా నడుస్తానో చూశావా? గోడ పట్టుకుని, దేవుళ్ళందరినీ తిట్టుకుంటూ. దొడ్డి చుట్టూ తిరిగి తిరిగి ఒళ్ళు వేడెక్కాక చూడు, పులిని!"

"పులివా?" అన్నది అపరంజి ఏడుపులోనే నవ్వు వచ్చి.

"ముసలి పులినే అనుకో. పులి పులే కదా!"

ఆనాటి నుంచి తాతకు ఏ వైద్యమో గుర్రానికీ అదే వైద్యం. చలువరాతి గది పోయి ఇసుక పరిచిన దొడ్డి వచ్చింది. అందులో కట్టు లేకుండా దాని ఇష్టానికి తిరగనిచ్చారు. గుగ్గిళ్ళు గంపల నుంచి దోసిళ్ళకు దిగాయి. గిట్ట పొడుగు పెరిగితే కీలు మీద భారం పడుతుందని వేళ తప్పకుండా కోయించారు. సాయంత్రం కాగానే ఆముదం వెచ్చబెట్టి మోకాళ్ళకు రాసి, వావిలాకు కాపడం పెట్టి, కంబళి కప్పేవారు. నూనె చట్టి ఒక్కటే, ముందు గుర్రానికి, తరవాత తాతకు. స్వారీ అంటే ఇక నడకే. మెత్తటి నేల మీద, తేలిక జీనుతో, కాసేపు. నేల మీంచి ఎగిరి ఎక్కితే దాని నడుం గుంజుకుపోతుంది కనుక అరుగెక్కి మెల్లిగా కూర్చోవాలి. "నడుస్తూ తల కిందికీ పైకీ ఊపిందంటే నొప్పి పుట్టిందన్నమాట. ఇంద్రుడు పిలుస్తున్నా సరే, అక్కడే దిగిపో" అన్నాడు తాత. యువరాణి గుర్రానికి కాళ్ళు పిసుకుతున్నదని కోటంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ, తుమ్మెద మళ్ళీ నడిచింది.

"ఇంకా కదలవేం యువరాణీ?" అని మండపం మీంచి భస్మకేశుడు పలికాడు. నడుము దాకా జారిన బూడిదరంగు జడలు, చింతనిప్పుల్లాంటి కళ్ళు, మెడలో ఎముకల పేరు. "అడుగు పడటం లేదా? పాపం, ముసలిది. కుండం పక్కనే ఉంది, ఎక్కువ దూరం నడవనక్కర లేదు."

"నా గుర్రం మీ కుండాన్ని ఆర్పడానికి పనికొస్తుందేమో గాని, రగిలించడానికి పనికిరాదు గురువర్యా!" అన్నది అపరంజి.

మేడల మీద ముత్తైదువలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రౌతులు పకపకా నవ్వారు. భస్మకేశుడి ముఖం మాడిపోయింది. "శంఖం ఊదండి!" అని అరిచాడు.

"ఆగండి!"

కంచు మోగినట్టున్న ఆ గొంతు చండకీర్తిది. మండపానికి అవతలి కొస నుంచి ఆయన చేతికర్ర ఊతంతో వస్తున్నాడు. కొలువులో అందరికంటే వృద్ధుడైన వీరుడు ఆసీనుడైతే గాని ప్రదక్షిణ శంఖం ఊదరాదు. అదీ కంకణదుర్గం ఆచారమే. ఒక ఆచారాన్ని పట్టుకు వేలాడేవాడు రెండోదాన్ని కాదనలేడు. శంఖం పట్టుకున్నవాడు చేతులు దించేశాడు.

చండకీర్తి వచ్చాడు. ఎలా వచ్చాడని? ఒక అడుగు వేసి ఆగి మీసం సవరించుకున్నాడు. ఇంకో అడుగు వేసి ఒక మంత్రిగారి మనవడి పెళ్ళి సంగతి అడిగాడు. ఆసనం దగ్గరికి వచ్చి, సగం వంగి, "అబ్బా!" అని మళ్ళీ నిలబడ్డాడు. మెత్త పల్చగా ఉందన్నాడు. రెండో మెత్త తెచ్చారు. అది మరీ ఎత్తయిందన్నాడు. అందులో నటన ఎంతో, నిజంగా నొప్పి ఎంతో ఆయనకే తెలియాలి. భస్మకేశుడు మింగలేక కక్కలేక పళ్ళు నూరుతున్నాడు.

ఈలోగా అపరంజి తుమ్మెదను చేత్తో పట్టి, మండపం ఎదుటి ఉత్తర ద్వారం ముందున్న ఇసుకలో పెద్ద పెద్ద చుట్లు తిప్పుతున్నది. మొదట అది అడుగడుగుకీ కాళ్ళు ఈడ్చింది. తరవాత మెడ కిందికి జారింది, ఊపిరి పొడుగయింది, గిట్టలు పైకి లేవసాగాయి. ఎండ కూడా బురుజు దాటి దాని వీపు మీద పడింది. కంబళి తీసి, ఏనుగులను ఎక్కేందుకు కట్టిన అరుగు మెట్టు మీంచి ఆమె మెల్లగా జీను మీదికి చేరి, తాత వైపు చూసి తల ఊపింది.

"ఆ, ఇప్పుడు బాగుంది" అంటూ చండకీర్తి ఆసనంలో కూలబడ్డాడు. శంఖం మోగింది.

తుమ్మెద నడిచింది. దౌడు కాదు, దుడుకు కాదు, పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు నడిచింది. పూలు రాలాయి. కొందరు ఎగతాళి చేశారు, కొందరు మహారాజు గుర్రమని దణ్ణాలు పెట్టారు. పడమటి బురుజు దాకా బాట ఎత్తు. అక్కడ అపరంజి ముందుకు వంగి దాని వీపు తేలిక చేసింది. బురుజు దాటాక గద్దముక్కు అనే మలుపు. కుడివైపు నిట్టనిలువు గోడ, ఎడమవైపు పాతాళంలా లోయ, మధ్య బాట ఒక్కసారిగా పల్లానికి జారుతుంది. ముసలి గుర్రానికి ఎత్తు కంటే పల్లమే గండం.

సరిగ్గా అక్కడే బాట నడుమ మంటల పులి లేచింది. దాని ఒళ్ళంతా నిప్పు, కోరల నుంచి కాలే తైలం బొట్లు బొట్లుగా రాలుతున్నది. వేడికి అపరంజి కనురెప్పలు చుర్రుమన్నాయి. గోడ మీది జనం మాత్రం పూలు చల్లుతూనే ఉన్నారు. వాళ్ళకు అది కనిపించడం లేదు! పగ్గాలు లాగి గుర్రాన్ని వెనక్కి తిప్పాలని ఆమె చేతులు తహతహలాడాయి. తిప్పితే ఆ ఇరుకు పల్లంలో తుమ్మెద కాళ్ళు మెలిపడి లోయలోకి దొర్లిపోవడం ఖాయం. అపరంజి కళ్ళు కిందికి దించి గుర్రం చెవులు చూసింది. అవి ఈగలను తోలుకుంటూ నింపాదిగా ఊగుతున్నాయి. దానికి పులీ లేదు, మంటా లేదు.

మాయ మనిషి కళ్ళకే! ధూమ్రవనం నుంచి తుమ్మెద ఒక్కటే ఎలా తిరిగి వచ్చిందో ఆ క్షణంలో అపరంజికి అర్థమైంది. ఆమె గట్టిగా కళ్ళు మూసుకుని పగ్గాలు వదులు చేసింది. "నీ ఇష్టం తండ్రీ, పద" అన్నది. గర్జన చెవుల్లో పగిలింది, వేడి ముఖాన కొట్టింది, తుమ్మెద మాత్రం అడుగు తప్పకుండా పులి గుండెలోంచి నడిచి అవతలికి పోయింది.

మాయ పారలేదని తెలిసి భస్మకేశుడు మామూలు మోసానికి దిగాడు. పల్లం చివరి బండల మీద గంధపు నీళ్ళు కుమ్మరించడానికి అతడి బంట్లు ముందే సిద్ధంగా ఉన్నారు. ముగ్గుల మీదుగా తెల్లటి నీళ్ళు పారాయి. తుమ్మెద ముందుకాలు జర్రున జారింది. మోకాలు ముడుచుకుని కిందికి పోయింది. కోటంతా ఒక్క గొంతుతో కేక వేసింది. తెలియనివాడైతే తల పైకి లాగేవాడు, గుర్రం అక్కడే కూలేది. అపరంజి వెనక్కి వాలి పగ్గాలు పూర్తిగా వదిలేసింది. తుమ్మెద మెడ చాచి, మూతి నేలకు ఆనించినంత పని చేసి, వెనక కాళ్ళ మీద బరువు వేసుకుని, వణుకుతూ వణుకుతూ లేచి నిలబడింది. అపరంజి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ గుర్రాన్ని చూసి ఆమెకు కలిగినంత గర్వం కిరీటం పెట్టుకున్న అన్నను చూసినా కలగలేదు.

మండపం ముందుకు చేరగానే భస్మకేశుడు వేలు చూపాడు. "తాకింది! మోకాలు నేలకు తాకింది! కుండానికి నడపండి!"

"తాకలేదు!" అన్నది అపరంజి.

"నా కళ్ళతో చూశాను."

"మీ కళ్ళు ఎవరికి కావాలి గురువర్యా? దాని మోకాలు చూడండి." ఆమె మండపం మెట్ల దగ్గరి కుర్రరౌతుల వైపు తిరిగింది. "ఇందాక నవ్వారే, మీరే రండి. ఈ మోకాళ్ళకు రాత్రి ఆముదం పట్టించాను. బాటంతా ముగ్గుపిండి, గంధం. నేలకు తాకిన మోకాలైతే పిండి పులుముకుని తెల్లగా ఉండాలి. ఉందేమో చూసి చెప్పండి!"

అందరిలోకీ ఎక్కువగా నవ్వినవాడు, కరవీరుడనే రౌతు, దిగివచ్చి వంగి చూశాడు. గిట్టలు తెల్లగా ఉన్నాయి. చీలమండలు తెల్లగా ఉన్నాయి. మోకాళ్ళు నల్లగా, జిడ్డుగా, నిగనిగలాడుతున్నాయి. అతడు వేలితో తడిమి, ఆ వేలు పైకెత్తి జనానికి చూపించాడు.

"ఆముదమే! పిండి లేదు! తుమ్మెద మోకాలు వంచలేదు!"

జయజయధ్వానాలతో బురుజుల మీది పావురాలు లేచిపోయాయి. భస్మకేశుడు క్షణంలో చిరునవ్వు తెచ్చుకున్నాడు. "సంతోషం. గుర్రాన్ని దింపి నా సంరక్షణలో ఉంచండి. ముసలిది, అలసిపోయింది" అన్నాడు, తేనె పూసిన కత్తిలా.

"ఆచారం తమకు పూర్తిగా తెలిసినట్టు లేదు!" అన్నాడు చండకీర్తి, ఆసనంలోంచి లేవడానికి తంటాలు పడుతూ. "ప్రదక్షిణం చేసిన గుర్రానికి పొద్దుగూకే దాకా ఏ ద్వారమూ మూయరాదు. వీపు మీద రౌతు ఉన్నంతసేపూ దాని కళ్ళెం పట్టే హక్కు రాజుకైనా లేదు. మా కాలంలో ఈ రోజు కోసం ఏడాదంతా ఎదురుచూసేవాళ్ళం. తిన్నగా ఏటి ఒడ్డు కల్లుపాకకు స్వారీ!"

"అయితే నేను ఇంకా దిగలేదు తాతయ్యా" అన్నది అపరంజి. ఆమె తుమ్మెద తల ఉత్తర ద్వారం వైపు తిప్పింది. అటు కల్లుపాక లేదు. అటున్నది ధూమ్రవనం.

ఉత్తర ద్వారం కిర్రుమంటూ తెరుచుకుంది. అందరి కళ్ళముందే, ఏ తొందరా లేకుండా, ముసలి గుర్రం కోట దాటి నడిచిపోయింది.

"వెంట పడండి!" భస్మకేశుడి గొంతు చీలింది. "దాని వీపు మీంచి ఆ పిల్ల ఎప్పుడు దిగుతుందో అప్పుడే గుర్రాన్ని నరికెయ్యండి. ఎంత దూరం మోస్తుంది ఆ కుంటిది? ముందుంది ముసళ్ళ పండగ!"

అతడి సొంత బంట్లు, నల్ల తలపాగాల వాళ్ళు, గుర్రాలను అదిలించి ద్వారం దగ్గరికి దూసుకువచ్చారు. ద్వారం మధ్యలో, సరిగ్గా గడపకు అడ్డంగా, తుమ్మెద వెనకాలే మండపం దిగి వచ్చిన చండకీర్తి నేల మీద చతికిలబడి ఉన్నాడు.

"లేవండి సేనానీ!"

"లేవాలనే ఉంది నాయనా. మోకాళ్ళు సహకరించొద్దూ? నన్నెవరైనా మెల్లిగా, చంకల కింద చేతులు వేసి లేపాలి. అయ్యో, అట్లా కాదు! కుడివైపు పట్టెయ్యకు, అది మరీ నొప్పి!"

వాళ్ళు ఒకవైపు లేపితే ఆయన రెండోవైపు జారాడు. తొక్కించి పోదామంటే గోడల మీద సైన్యమంతా చూస్తున్నది, చేతులు కత్తుల మీద ఉన్నాయి. చివరికి ఆయనను మంచం మీద మోసి పక్కన పెట్టేసరికి అపరంజి మైదానంలో సగం దూరం పోయింది.

ఆ మైదానం చివర, ఆకాశం దాకా లేచిన పొగగోడలా ధూమ్రవనం కనిపిస్తున్నది. దానికి ఇవతల చిన్న సెలయేరు. అడవికి ఇక ఎంతో దూరం లేదు. వెనక గిట్టల చప్పుడు దగ్గరవుతున్నది. ఆమె వీపు మీద ఉన్నంతసేపూ వాళ్ళు తాకలేరు. అడవిలోకి చేరే దాకా కూర్చుంటే చాలు.

అప్పుడు తుమ్మెద తల ఊపింది. కిందికి, పైకి. మళ్ళీ కిందికి, పైకి.

అపరంజి క్షణం కూడా ఆలోచించలేదు. పగ్గాలు సడలించి గుర్రాన్ని సెలయేట్లోకి దింపి, తాను నీళ్ళలోకి జారి దిగింది. చల్లటి నీరు తుమ్మెద మోకాళ్ళను ముంచెత్తింది. అది కళ్ళు సగం మూసి పెద్దగా నిట్టూర్చింది.

"దిగింది!" అని వెనక కేకలు. "దిగింది, నరకండి!"

గాలిలోంచి భస్మకేశుడి నవ్వు వినిపించింది. "తెలివితక్కువ పిల్లా! ఇంకొంచెం సేపు కూర్చుంటే గెలిచేదానివి."

"అవును, కూర్చుంటే గెలిచేదాన్నే" అని ఆకాశం వంక చూసి అరిచింది అపరంజి. "నొప్పితో ఉన్న గుర్రం మీద కూర్చుని గెలిచేది నీలాంటివాళ్ళు! మా అన్న గుర్రం నన్ను మోయగలిగినంత మోసింది. ఇక దీన్ని నేను నడిపిస్తాను. చేతనైతే ఆపుకో!"

భస్మకేశుడికి ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. కోపంలో మంత్రం చదివితే ఎవరి మీద పడుతుందో చూసుకోవద్దూ? అడవికీ సెలయేటికీ మధ్య నేల బద్దలై కొండంత ఎత్తున అగ్నిజ్వాల లేచింది. ఆమెను ఆపడానికి లేపిన ఆ జ్వాలను ఈసారి లోకమంతా చూసింది. నల్ల తలపాగాల రౌతులూ చూశారు. ఒక్కొక్కడూ పగ్గాలు బిగించి, కెవ్వున అరిచి, గుర్రాల తలలు వెనక్కి తిప్పాడు. గుర్రాలకు మాత్రం ఏమీ అర్థం కాలేదు, పచ్చటి గడ్డి మీద ఎందుకు ఆపుతున్నారో తెలియక సకిలించాయి. తాను తీసిన గోతిలో తానే పడటమంటే ఇదే.

అపరంజి కళ్ళు మూసుకుంది. తుమ్మెద జూలు గుప్పెట పట్టుకుంది. గుర్రం ఒడ్డెక్కి, కుంటుతూ, నిప్పులోకి నడిచింది. ఆమె దాని పక్కన నడిచింది.

వేడి పోయి చల్లటి తడి ముఖానికి తగిలాక కళ్ళు తెరిచింది. చుట్టూ పొగ. ఎడమవైపు పొగ చీలి, రత్నాలు పరిచిన రాచబాట, దాని కొసన దీపాలు వెలిగే మేడ కనిపించాయి.

"అపరంజీ! చెల్లీ!" అన్నది అక్కడి నుంచి ఒక గొంతు. అన్న గొంతే. అదే లాలన, చివర అదే చిన్న జీర. "ఇటు రా తల్లీ, ఎన్నాళ్ళకు వచ్చావు!"

ఆమె ఒళ్ళంతా అటు లాగింది. తుమ్మెద చెవి కూడా కదల్చలేదు. కోట అవతల అరుణధ్వజుడి అడుగు వినిపిస్తే దొడ్డి దద్దరిల్లేలా సకిలించే గుర్రం అది. అది కుడివైపు, ముళ్ళపొదలు తప్ప మరేమీ లేని చీకటిలోకి మెడ తిప్పింది. వెనక ఆ గొంతు ఏడుస్తున్నది, బతిమాలుతున్నది, అమ్మ పేరు చెప్పి ఒట్టు పెడుతున్నది. అపరంజి పళ్ళు బిగించి ముళ్ళలోకి అడుగు వేసింది. చీర చిరిగింది, చేతులు గీరుకుపోయాయి. తుమ్మెద వేసిన ప్రతి అడుగు దగ్గరా ఆగి దానికి ఊపిరి తీసుకోనిచ్చింది.

ఒక నల్లటి బండ ముందు గుర్రం నిలిచిపోయింది. చెవులు నిక్కించింది. మెడ పైకెత్తి, తన పడుచుతనమంతా తిరిగి వచ్చినట్టు సకిలించింది.

బండ కింద, నేల లోతుల్లోంచి, ఎన్నాళ్ళుగానో మాట్లాడని బొంగురు గొంతు ఒకటి బదులు పలికింది. అది అపరంజిని పిలవలేదు. ఆమె వచ్చినట్టు ఆ గొంతుకు తెలియదు.

"తుమ్మెదా? నువ్వేనట్రా?"

ఆ మాటకు బండే కదిలింది. బండ అనుకున్నది చుట్టలు చుట్టుకు పడుకున్న మహాసర్పం. పడగ విప్పి, తాటిచెట్టంత ఎత్తున లేచి, పచ్చటి కళ్ళు తెరిచింది. దాని బుసకు ఆకులు రాలాయి. ఈసారి తుమ్మెద కూడా బెదిరి వెనక్కి అడుగు వేసింది. అంటే ఇది మాయ కాదు.

అపరంజి తుమ్మెదకు అడ్డంగా నిలబడి, నడుమున వేలాడే కత్తి దూసింది.

"పక్కకు జరిగి నిలబడు తండ్రీ" అన్నది. "నీ పని అయింది. ఇక నాది."